విడదీయలేని లోడు, విడివిడి పర్మిట్లు

అమెరికా ఇంటర్‌స్టేట్ హైవేల మీద మామూలు ట్రక్కు 80,000 పౌండ్ల దాకా, అంటే సుమారు 36 టన్నుల దాకా, ఎవరి ప్రత్యేక అనుమతీ లేకుండా తిరగవచ్చు. ఒంటి ఇరుసు మీద 20,000 పౌండ్లు, జంట ఇరుసు మీద 34,000 పౌండ్లు మించకూడదు. వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. విద్యుత్ ట్రాన్స్‌ఫార్మర్లు, గాలిమర రెక్కలు, వంతెన దూలాలు, గనుల్లో వాడే యంత్రాలు ఈ హద్దుల్లో ఇమడవు. అలాంటి సరుకు రోడ్డెక్కాలంటే పర్మిట్టు కావాలి. ఆ పర్మిట్టును కేంద్ర ప్రభుత్వం ఇవ్వదు. లోడు ఏ రాష్ట్రం గుండా వెళితే ఆ రాష్ట్రమే తన నిబంధనల ప్రకారం ఇస్తుంది.

ఈ ఏర్పాటు సబబేనా అన్న విషయంలో లోడు తోలేవారిదొక మాట, రోడ్లూ వంతెనలూ కాపాడేవారిదొక మాట. కింది సంవాదంలో మొదటి పక్షాన భారీ రవాణా సంస్థ నడిపే ఒక వ్యక్తి, రెండో పక్షాన రాష్ట్ర రహదారి శాఖలోని ఒక వంతెనల ఇంజనీరు మాట్లాడతారు. ఇద్దరూ కల్పిత పాత్రలే. వారు ఉదహరించే చట్టాలు, కొలతలు, సంఘటనలు వాస్తవమైనవి.

హద్దులు ఎక్కడివి

రవాణాదారు: లెక్కల దగ్గరే మొదలుపెడదాం ఇంజనీరు గారూ. 1956లో కాంగ్రెస్ ఇంటర్‌స్టేట్ రోడ్లకు డబ్బు మంజూరు చేస్తూ గరిష్ఠ బరువు 73,280 పౌండ్లు అంది. చమురు సంక్షోభం వచ్చాక 1974 చట్టంతో దాన్ని 80,000 చేసింది. అప్పటికే కట్టిన వంతెనలు అలాగే ఉన్నాయి, అంకె మాత్రం పెరిగింది. అవసరం పడితే సాగే హద్దును మా దగ్గరకొచ్చేసరికి శిలాశాసనం అంటే ఎలా?

ఇంజనీరు: అంకె ఒక్కటే మారలేదండీ. అదే చట్టం దానికొక షరతు కూడా తగిలించింది. దాన్ని వంతెన సూత్రం అంటారు. బరువెంత అని మాత్రమే కాదు, ఆ బరువు ఎంత పొడవున, ఎన్ని ఇరుసుల మీద పరుచుకుందో కూడా అది చూస్తుంది. బరువంతా ఒకేచోట కుదించుకుని ఉన్న పొట్టి బండి, అంతే బరువున్న పొడవాటి బండి కంటే వంతెనను ఎక్కువగా వంచుతుంది.

ఆ సూత్రం లెక్క ఇది. ఒక వరుస ఇరుసుల్లో మొదటిదానికీ చివరిదానికీ మధ్య దూరాన్ని అడుగుల్లో తీసుకోవాలి. దాన్ని ఇరుసుల సంఖ్యతో హెచ్చించి, ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేయగా మిగిలినదానితో భాగించాలి. వచ్చినదానికి ఇరుసుల సంఖ్యకు 12 రెట్లు, ఆపైన మరో 36 కలపాలి. ఆ మొత్తాన్ని 500తో హెచ్చిస్తే ఆ వరుస మోయదగిన బరువు పౌండ్లలో వస్తుంది. అయిదు ఇరుసుల ట్రక్కుకు ఆ దూరం 51 అడుగులుంటే 79,875 వస్తుంది. దగ్గరి 500కు సవరిస్తే 80,000. మూడు ఇరుసుల టిప్పరుకు ఆ దూరం 20 అడుగులే అయితే 51,000 దగ్గరే ఆగిపోతుంది. బండి మొత్తానికే కాదు, మధ్యలో ఏ వరుస ఇరుసులను తీసుకున్నా లెక్క సరిపోవాలి.

రవాణాదారు: సూత్రం మాకూ తెలుసు. అందుకే ట్రాన్స్‌ఫార్మరు తోలేటప్పుడు 13 ఇరుసులు, 19 ఇరుసులు ఉన్న ట్రైలర్లు కడుతున్నాం. బరువు పరుచుకోవాలన్నారు, పరిచాం. అలాంటప్పుడు లెక్క కట్టి దేశమంతటికీ ఒకే కాగితం ఇచ్చేయవచ్చు కదా?

ఇంజనీరు: ఆ సూత్రం మామూలు బండ్లకు పనికొచ్చే ఉజ్జాయింపు లెక్క. దాన్ని తయారు చేసినప్పుడు రెండు రకాల ప్రామాణిక వంతెనలను మనసులో పెట్టుకున్నారు. హెచ్‌ఎస్-20 అనే డిజైన్ బరువుకు కట్టినవాటి మీద ఒత్తిడి 5 శాతానికి మించి పెరగకూడదు, అంతకంటే తేలికైన హెచ్-15 వంతెనల మీద 30 శాతానికి మించకూడదు అని. నిజంగా రోడ్డు మీదున్న వంతెన వేరు. దాని వయసెంత, తుప్పెంత పట్టింది, దూలాల మధ్య ఎడమెంత, మొన్న తనిఖీలో ఏం బయటపడింది అన్నవి ఆ సూత్రంలో లేవు. 80,000 లోపు బండికి వాటిని విడిగా చూడనక్కర్లేదు. అయిదారు లక్షల పౌండ్ల లోడుకు చూడక తప్పదు. ఆ వివరాలుండేది వంతెన ఎవరిదో వారి దగ్గర.

రవాణాదారు: సరే, బరువు సంగతి ఒప్పుకుందాం. మరి ఎత్తు? బరువుకూ వెడల్పుకూ కేంద్ర హద్దులున్నాయి, ఎత్తుకు లేదు. తూర్పున చాలా రాష్ట్రాల్లో 13 అడుగుల 6 అంగుళాలు, పడమర చాలా చోట్ల 14 అడుగులు, నెబ్రాస్కాలో పద్నాలుగున్నర. అదే బండి, అదే సరుకు. ఒక సరిహద్దుకు ఇటు మామూలు లోడు, అటు దాటగానే ఎత్తు మించిన లోడు.

ఇంజనీరు: తూర్పు రాష్ట్రాల్లో పాత వంతెనలూ, రైలు కట్టల కింది దారులూ ఎక్కువ. ఉన్న సందును బట్టే హద్దు వస్తుంది. వాషింగ్టన్‌లో కూర్చుని ఒక అంకె రాసినంత మాత్రాన వంతెన పైకి లేవదు కదండీ.

ఏ సరుకుకు పర్మిట్టు

హద్దు దాటే ప్రతి లోడుకూ పర్మిట్టు దొరకదు. ఇంటర్‌స్టేట్ మీద అధిక బరువు పర్మిట్టు సాధారణంగా విడదీయలేని లోడుకే ఇస్తారు. విడదీయలేనిది అంటే ఏమిటో కేంద్ర నిబంధనల్లోనే ఉంది. విడగొడితే దాని ఉపయోగం దెబ్బతినాలి, లేదా దాని విలువ నశించాలి, లేదా తగిన పనిముట్లతో విప్పినా 8 పనిగంటలకు మించి పట్టాలి. అన్ని గంటలు పడుతుందని రుజువు చేయాల్సిన భారం అర్జీదారుదే. ఇసుక, ధాన్యం, దుంగలు, డబ్బాల్లో సరుకు మామూలుగా ఈ నిర్వచనంలోకి రావు. రెండు ట్రిప్పులుగా తోలుకోమంటారు.

రవాణాదారు: 8 గంటల నియమం వినడానికి బాగానే ఉంటుంది. తవ్వకపు యంత్రానికి బకెట్టు విప్పవచ్చు, వెనకున్న తూకపు దిమ్మె విప్పవచ్చు. ఏది ఎంతసేపట్లో ఊడుతుందో గిడ్డంగిలో ఒక లెక్క, రోడ్డు పక్కన వానలో ఇంకో లెక్క. పక్కపక్క రాష్ట్రాల్లో ఒక అధికారి విప్పమంటాడు, మరొకడు అలాగే పొమ్మంటాడు. విప్పిన ముక్కకు వేరే ట్రక్కు కట్టాలి. అంటే రోడ్డు మీద ఒక బండి బదులు రెండు.

ఇంజనీరు: ఆ గీత చెరిపేస్తే ప్రతి లోడూ విడదీయలేనిదే అవుతుంది. రెండు యంత్రాలు ఒకే ట్రైలరు మీద ఎక్కించి, విడదీయలేని సరుకని అర్జీ పెట్టేవాళ్లుంటారు. వంతెనకు ఆ అదనపు బరువు నష్టమే. వేరే దారి లేనప్పుడు మాత్రమే ఆ నష్టానికి ఒప్పుకుంటామన్నది ఈ నియమం వెనకున్న ఉద్దేశం.

రవాణాదారు: అలాగని అందరికీ ఒకే గీత ఉందా? మిషిగన్‌లో 11 ఇరుసుల మీద 164,000 పౌండ్లు, అంటే 74 టన్నులకు పైగా, మామూలుగానే తిరగనిస్తారు. 1956 నాటికే కొన్ని రాష్ట్రాలకున్న పాత హక్కులను చట్టం అలాగే ఉంచింది. మెయిన్ రాష్ట్రం సంగతి చూడండి. ఆ రాష్ట్రపు సొంత రోడ్ల మీద ఆరు ఇరుసుల ట్రక్కు 100,000 పౌండ్లతో పోవచ్చు. ఇంటర్‌స్టేట్ మీద మాత్రం అగస్టా దాటాక ఉత్తరాన 80,000 మించకూడదని అడ్డుకున్నారు. దాంతో కలప ట్రక్కులు మంచి హైవే దిగి, బడులూ ఇళ్లూ ఉన్న ఊళ్ల మధ్య నుంచి పోయేవి. 2011లో కాంగ్రెస్ చట్టం చేస్తే గానీ అది సర్దుకోలేదు. హద్దు గట్టిగా పెట్టినంత మాత్రాన బరువు మాయం కాదు, అది ఊళ్లోకి వస్తుంది.

ఇంజనీరు: మెయిన్ విషయంలో మీ మాట న్యాయమే. అక్కడ సరుకు విడదీయదగినదే అయినా బరువు ఆరో ఇరుసు మీదికి పంచుకుంది. ఇంటర్‌స్టేట్ వంతెనలు ఊరి వంతెనల కంటే గట్టివి. అక్కడ తప్పు హద్దుది కాదు, బలమైన రోడ్డుకు తక్కువ హద్దు, బలహీనమైన రోడ్డుకు ఎక్కువ హద్దు పెట్టడంలో ఉంది. అంటే రోడ్డును చూసి హద్దు పెట్టాలన్న నా మాటకే అది సాక్ష్యం.

విడదీయదగిన లోడుకూ ఒక మినహాయింపు ఉంది. 2012లో వచ్చిన మ్యాప్-21 చట్టం ప్రకారం, అధ్యక్షుడు పెను విపత్తును ప్రకటించినప్పుడు సహాయ సామగ్రి మోసే ట్రక్కులకు రాష్ట్రాలు ప్రత్యేక పర్మిట్లు ఇవ్వవచ్చు. ప్రకటన వెలువడిన 120 రోజుల్లో అవి రద్దవుతాయి.

పర్మిట్టు రకాలు, దారి పరిశీలన

పేర్లు రాష్ట్రానికొకటి అయినా పర్మిట్లు స్థూలంగా మూడు రకాలు. మొదటిది ఒక్క ట్రిప్పుకు, చెప్పిన దారిన, కొద్ది రోజుల గడువుతో ఇచ్చేది. రెండోది ఒక స్థాయి కొలతల దాకా పదేపదే తిరిగేందుకు ఇచ్చే ఏడాది పర్మిట్టు. మూడోది సూపర్‌లోడు పర్మిట్టు. దీనికి ప్రతి వంతెననూ విడిగా లెక్క చూడాలి, తరచు దారిని ముందుగా కొలిచి నివేదిక ఇవ్వాలి. సూపర్‌లోడు ఎక్కడ మొదలవుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో మొత్తం బరువు 254,300 పౌండ్లు, అంటే సుమారు 115 టన్నులు, దాటితే అతిభారీ లోడు కింద లెక్క.

రవాణాదారు: కాగితం మీద మూడు రకాలే. చేతికొచ్చేసరికి లెక్కలేనన్ని. ఇంటర్‌స్టేట్ 35 తీసుకోండి. టెక్సస్‌లో లారెడో దగ్గర మొదలై మిన్నెసోటాలో డులూత్ దాకా పోతుంది. దారిలో ఓక్లహోమా, కాన్సస్, మిస్సోరీ, అయోవా. రోడ్డు ఒక్కటే, పర్మిట్లు ఆరు. ఆరు దరఖాస్తులు, ఆరు ఫీజులు, ఆరు గడువులు. అయిదో రాష్ట్రం రెండు రోజులు ఆలస్యం చేస్తే మొదటి రాష్ట్రం పర్మిట్టు గడువు తీరిపోతుంది. ఇంటర్‌స్టేట్ దిగి ఫ్యాక్టరీ గేటు దాకా పోవాలంటే మళ్లీ కౌంటీ దగ్గరికీ, సిటీ దగ్గరికీ వెళ్లాలి.

ఇంజనీరు: చాలా రాష్ట్రాల్లో దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. బండి కొలతలూ, ఇరుసుల బరువులూ ఇస్తే కంప్యూటరే వంతెనల పట్టికతో సరిచూసి దారి చెబుతుంది. టెక్సస్‌లో పర్మిట్లు 2012 నుంచి మోటారు వాహనాల శాఖ ఇస్తోంది, దారిని లెక్కగట్టడానికి వారికి ప్రత్యేక వ్యవస్థ ఉంది. ఆలస్యమయ్యేది సూపర్‌లోడుల దగ్గర. అక్కడ ఆలస్యం తప్పు కాదు, అక్కడ చేసేదే అసలు పని.

రవాణాదారు: మరి ఆ పని ఒక రాష్ట్రం చేస్తే పక్క రాష్ట్రం ఎందుకు నమ్మదు?

ఇంజనీరు: పక్క రాష్ట్రం మీ బండిని నమ్మవచ్చు. తన వంతెనను మీ రాష్ట్రపు ఇంజనీరు తనిఖీ చేయలేదు కదా. పర్మిట్టు అంటే డ్రైవింగ్ లైసెన్సు లాంటిది కాదండీ. లైసెన్సు మనిషి సంగతి చెబుతుంది, అందుకే ఎక్కడైనా చెల్లుతుంది. పర్మిట్టు చెప్పేది ఈ లోడు, ఈ దారిన, ఈ తేదీల్లో పోవచ్చని. దారి మారితే దాని మీదున్న మాట కూడా మారుతుంది.

ప్రయాణంలో షరతులు

పర్మిట్టుతో పాటు షరతుల చిట్టా వస్తుంది. ఎక్కువ చోట్ల సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే ప్రయాణం. పెద్ద నగరాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో ఆగిపోవాలి. థ్యాంక్స్‌గివింగ్ లాంటి పండగ రోజుల్లో చాలా రాష్ట్రాలు కదలనివ్వవు. ముందూ వెనకా ‘ఓవర్‌సైజ్ లోడ్’ బోర్డు, నాలుగు మూలలా ఎర్ర లేదా నారింజ జెండాలు ఉండాలి. వెడల్పు, పొడవు, ఎత్తు ఒక స్థాయి దాటితే ముందో వెనకో పైలట్ కారు నడవాలి. ఎత్తైన లోడుకు ముందు నడిచే కారు మీద లోడు కంటే కాస్త ఎత్తుగా ఒక కర్ర నిలబెడతారు. దారిలో ఆ కర్ర దేనికైనా తగిలితే లోడూ తగులుతుందని అర్థం. పైలట్ వెంటనే రేడియోలో చెప్పాలి, ట్రక్కు ఆగాలి.

రవాణాదారు: ఈ షరతులు ఒక్కొక్కటీ మంచివే. కలిపితే పోగుపడేది తలనొప్పి. ఒకచోట ఒక పైలట్ కారు చాలు, సరిహద్దు దాటితే రెండు. వాషింగ్టన్, యూటా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు పైలట్ డ్రైవరుకు శిక్షణ సర్టిఫికెట్ ఉండాలంటాయి, కొన్నిచోట్ల ఎవరైనా ఫరవాలేదు. ఈ రాష్ట్రంలో చీకటి పడేలోగా సరిహద్దు చేరుతాం. అటువైపు వాళ్ల వేళలు వేరు, లోపలికి రానివ్వరు. పదహారు అడుగుల వెడల్పు లోడును రాత్రంతా ఎక్కడ నిలపాలి? సురక్షితమని పెట్టిన నియమం మమ్మల్ని రోడ్డు అంచున నిలబెడుతోంది.

ఇంజనీరు: ఆ మాటకు ఎదురు చెప్పను. జెండా కొలత, బోర్డు రంగు, పైలట్ శిక్షణ, వెడల్పుకు ఎన్ని కార్లు అన్నవి వంతెనకు సంబంధించినవి కావు. అవి రాష్ట్రానికొకలా ఉండాల్సిన అవసరం లేదు. కానీ అన్ని షరతులూ అలాంటివి కావు. మిషిగన్‌లో చలికాలం పోయి మంచు కరిగే వేళ రోడ్డు కింది నేల నీరుపట్టి మెత్తబడుతుంది. అన్ని కాలాలకూ తగినవిగా గుర్తించని రోడ్ల మీద అప్పుడు ఇరుసు బరువును కాంక్రీటు రోడ్డుకు 25 శాతం, తారు రోడ్డుకు 35 శాతం తగ్గిస్తారు. ఫ్లోరిడాకు ఆ నియమంతో పనే లేదు. దేశమంతటికీ ఒకే నియమమంటే ఆ కొద్ది వారాలు ఎవరికోసం రాయాలి?

స్కాజిట్ వంతెన

ఈ వాదంలో రెండు పక్షాలూ ఎత్తిచూపే సంఘటన ఒకటుంది. 2013 మే 23 సాయంత్రం వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ దగ్గర ఇంటర్‌స్టేట్ 5 మీద ఎత్తైన లోడుతో ఒక ట్రక్కు దక్షిణంగా వెళుతోంది. కెనడాలోని ఆల్బెర్టా నుంచి వస్తున్న లోడు అది. స్కాజిట్ నది మీది ఆ వంతెన 1955లో కట్టిన ఉక్కు చట్రాల వంతెన. రోడ్డుకు పైన అడ్డంగా కట్టిన ఉక్కు కమ్మీలు విల్లులా వంగి ఉంటాయి. అందువల్ల మధ్య లేన్లలో ఎత్తు ఎక్కువ, అంచు లేనులో తక్కువ. పర్మిట్టులో లోడు ఎత్తు 15 అడుగుల 9 అంగుళాలని ఉంది. కుడి లేనులో వెళ్లిన ఆ లోడు పైకమ్మీలకు వరసగా తగులుకుంటూ పోయింది. వంతెన స్పాన్ ఒకటి నదిలో కూలింది. రెండు వాహనాలు నీళ్లలో పడ్డాయి. అందులోని ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు.

రవాణాదారు: చూశారా, పర్మిట్టు ఇచ్చింది రాష్ట్రమే, దారికి ఒప్పుకున్నదీ రాష్ట్రమే. ఆ దారిలో ఈ ఎత్తు పట్టని లేను ఉందని చెప్పలేదు. వంతెన ముందు తక్కువ ఎత్తని హెచ్చరిక బోర్డు లేదు. వంతెన సంగతి వంతెన యజమానికే తెలుసన్నారు. తెలిసినవాడు చూడకుండా సంతకం పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఎత్తులు సరిచూసుకునే బాధ్యత మీదేనని రాసుకుంటే, ఆ పర్మిట్టుకు ఫీజు దేనికి?

ఇంజనీరు: వంతెనల ఎత్తుల పట్టిక రవాణాదారుకు అందుబాటులోనే ఉంది. ఎడమ లేనులోకి మారి ఉంటే లోడు పట్టేది. ముందు పైలట్ కారు కర్రతో వెళుతోంది, దాని ఎత్తు 16 అడుగుల 2 అంగుళాలు. ఆ సమయంలో పైలట్ డ్రైవరు హ్యాండ్స్‌ఫ్రీ ఫోనులో మాట్లాడుతున్నారు. ట్రక్కు ఆ కారుకు ఎంత దగ్గరగా నడుస్తోందంటే, హెచ్చరిక అందినా ఆగేంత దూరం లేదు.

జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు తప్పును ఒక్కరి నెత్తిన పెట్టలేదు. లోడు కదలికను కాపాడాల్సిన ఏర్పాట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయనీ, ఆ గొలుసులో లోపాల వల్లే ప్రమాదం జరిగిందనీ తేల్చింది. రవాణా సంస్థా, డ్రైవరూ దారిని సరిగా చూసుకోలేదు. రాష్ట్ర రవాణా శాఖ పర్మిట్టు దరఖాస్తును చాలినంతగా పరిశీలించలేదు. పైలట్ తన పని చేయలేదు. పైలట్ కారుకూ ట్రక్కుకూ మధ్య చాలినంత దూరం లేకపోవడం, ముందస్తు హెచ్చరిక బోర్డులు లేకపోవడం దీనికి తోడయ్యాయి.

రవాణాదారు: తిలా పాపం తలా పిడికెడు అన్నమాట.

ఇంజనీరు: అవును. కానీ ఆ పాపంలో మా వాటాను బట్టి మీరు ఏ తీర్మానానికి వస్తారన్నదే ప్రశ్న. రాష్ట్రం సరిగా చూడలేదు కాబట్టి రాష్ట్రాన్ని పక్కన పెట్టాలంటారా? సరిగా చూసేలా చేయాలంటారా? ఒకే జాతీయ కార్యాలయం పర్మిట్టు ఇచ్చి ఉంటే ఆ వంతెన అంచు లేను ఎత్తు దానికి ఇంకా దూరమయ్యేది.

రవాణాదారు: చూసేలా చేయమనే అంటాను. నేను అడిగేది రాష్ట్రం తప్పుకోవాలని కాదు. పర్మిట్టు చేతికిచ్చాక ఆ దారి లోడుకు సరిపడుతుందని పూచీ ఉండాలి. పూచీ లేని అనుమతి రసీదుతో సమానం. పర్మిట్టులోని దారి వదిలినా, ఒక అంగుళం మించినా అది చెల్లదని మాకు జరిమానా వేస్తారు. అదే కొలబద్ద మీకూ ఉండాలి కదా.

ఇంజనీరు: పూచీ ఉండాలన్న మాట ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. మీరిచ్చే కొలత నిజం కావాలి. స్కాజిట్ దగ్గర కాగితం మీద 15 అడుగుల 9 అంగుళాలున్న లోడును దర్యాప్తులో కొలిస్తే 15 అడుగుల 11 అంగుళాలు తేలింది. మేం అంగుళాల దాకా చూడాలంటే మీరూ అంగుళాల దాకా కొలవాలి.

రోడ్డు వాడకం, రోడ్డు పక్కన జనం

రవాణాదారు: ఫీజుల సంగతి కూడా తేల్చుకుందాం. కొన్ని రాష్ట్రాలు గుత్తగా ఇంత అంటాయి, కొన్ని బరువునూ మైళ్లనూ కలిపి లెక్క కడతాయి, కొన్ని వంతెన లెక్కకు విడిగా వసూలు చేస్తాయి. ఏ లెక్కకూ రోడ్డు అరుగుదలతో సంబంధం ఉన్నట్టు కనిపించదు.

ఇంజనీరు: సంబంధం ఉండాలన్న మాట నిజమే. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్‌లోని ఒట్టావా దగ్గర ప్రయోగం కోసమే రోడ్లు వేసి, వాటి మీద ట్రక్కులు తిప్పి చూశారు. ఇరుసు బరువు పెరిగితే రోడ్డు అరుగుదల దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని దాన్నుంచి తేలింది. అంటే ఇరుసు బరువు 20 శాతం పెంచితే అరుగుదల రెండింతలకు పైగా, బరువే రెండింతలైతే పదహారింతలు. గుత్త ఫీజు కట్టే చోట ఎక్కువ ఇరుసులు వేసుకుని జాగ్రత్తగా వచ్చినవారికీ, తక్కువ ఇరుసుల మీద బరువు కుక్కినవారికీ తేడా లేకుండా పోతుంది.

రవాణాదారు: అలా అయితే అదనపు ఇరుసులు కొన్నవారికి ఫీజు తగ్గించండి. మేం డబ్బు ఖర్చు పెట్టేది అక్కడే.

ఇంజనీరు: అది న్యాయమైన కోరికే. అయితే రోడ్డు మీద హక్కు ఇంజనీర్లకూ రవాణాదారులకూ మాత్రమే లేదు. ఐడహోలో యు.ఎస్. 12 రహదారి క్లియర్‌వాటర్, లాక్సా నదుల వెంట మలుపులు తిరుగుతూ పోతుంది. ఆల్బెర్టా చమురు ఇసుకల ప్రాజెక్టులకు వెళ్లే పెను లోడ్లకు ఆ రాష్ట్ర రవాణా శాఖ ఆ దారిన పర్మిట్లిచ్చింది. వంతెన లెక్కలు సరిపోయాయి. కానీ 2013 ఆగస్టులో 250 అడుగులకు పైగా పొడవున్న లోడు వచ్చినప్పుడు నెజ్ పర్స్ తెగ వారు తమ భూమి మీద దారికి అడ్డంగా నిలబడ్డారు, తెగ నాయకులు అరెస్టయ్యారు. మరుసటి నెలలో ఫెడరల్ కోర్టు ఆ అడవి గుండా పోయే దారిని అలాంటి లోడ్లకు మూయించమని అటవీ శాఖను ఆదేశించింది.

రవాణాదారు: అంటే రాష్ట్రం పర్మిట్టిచ్చాక కూడా నమ్మకం లేదన్నమాట. ఇది నా పక్షానికే బలం.

ఇంజనీరు: రాష్ట్రం ఒక్కటే అడగాల్సిన వారందరినీ అడగలేదన్నమాట. జాతీయ కార్యాలయం అయితే ఆ లోయలో ఉండేవారికి ఇంకా దూరంగా ఉండేది. దారిలో ఎవరి భూములున్నాయో, ఎవరి అధికారం ఎక్కడి దాకా ఉందో పర్మిట్టుకు ముందే చూడాలన్నది అక్కడి పాఠం.

ఒకటి చేయదగినవి, చేయరానివి

పర్మిట్ల ఏకీకరణ పూర్తిగా కొత్త ఆలోచన కాదు. పడమటి రాష్ట్రాల మధ్యా, దక్షిణాది రాష్ట్రాల మధ్యా ప్రాంతీయ పర్మిట్టు ఒప్పందాలున్నాయి. సభ్య రాష్ట్రాల్లో ఒకటి ఇచ్చిన కాగితంతో, ఒప్పుకున్న కొలతల లోపల, ఒప్పుకున్న దారుల మీద మిగతా సభ్య రాష్ట్రాల్లోకీ వెళ్లవచ్చు. ఆ కొలతలు దాటితే మళ్లీ ఎవరి రాష్ట్రం వారిదే.

రవాణాదారు: ఇది మా వాదానికి రుజువు. పది రాష్ట్రాలు కలిసి చేయగలిగింది అందరూ చేయలేరా?

ఇంజనీరు: ఒప్పందం ఎలా కుదిరిందో చూడండి. ప్రతి రాష్ట్రమూ తన రోడ్లలో ఏవి ఆ కొలతలు మోయగలవో ముందే లెక్క చూసి జాబితా ఇచ్చింది. అంటే దారి పరిశీలన రద్దు కాలేదు, ముందుకు జరిగింది. అలా ముందే చూడగలిగిన కొలతల దాకా దేశమంతటా కలపవచ్చు. ట్రక్కుకు సంబంధించినవన్నీ కూడా కలపవచ్చు: జెండాలు, బోర్డులు, దీపాలు, పైలట్ శిక్షణ, విడదీయలేని లోడు నిర్వచనాన్ని అన్వయించే తీరు, దరఖాస్తు ఫారం.

రవాణాదారు: ప్రయాణ వేళలు?

ఇంజనీరు: పల్లె హైవేల మీద కలపవచ్చు. నగరాల రద్దీ వేళలు నగరానివే. కలపలేనివి ఇంకో మూడున్నాయి: వంతెన బలం, దారి ఎత్తు, నేల మెత్తబడే కాలం.

రవాణాదారు: సూపర్‌లోడుకు ఆరు రాష్ట్రాల్లో ఆరు లెక్కలు కట్టాలంటే కట్టండి. కానీ దరఖాస్తు ఒక్కటే చాలు, ఆరుగురూ దాన్నే చూడాలి, ఆరు గడువులూ ఒకదానితో ఒకటి కలిసేలా ఇవ్వాలి. ఆలస్యమైతే ఎవరి దగ్గర ఆగిందో మాకు కనిపించాలి.

ఇంజనీరు: దానికి అభ్యంతరం లేదు. దానికి కావాల్సింది కొత్త కేంద్ర చట్టం కంటే రాష్ట్రాల వంతెనల పట్టికలు ఒకే తీరులో ఉండటం, లేనువారీగా ఎత్తులు అందులో నమోదు కావడం, తనిఖీ జరిగిన ప్రతిసారీ అవి సవరించుకోవడం. అందుకు సిబ్బంది కావాలి, డబ్బు కావాలి. మీరు కట్టే ఫీజు వెళ్లాల్సింది అక్కడికి.

రవాణాదారు: అక్కడికే వెళుతుందని చూపించగలిగితే, ఫీజు మీద మా ఫిర్యాదు చాలావరకు తగ్గుతుంది.

సంవాదంలో రెండు పక్షాలూ కలిసిన చోట ఇది తేలుతుంది. బండికి సంబంధించిన నియమాలు రాష్ట్రానికొకటిగా ఉండటానికి గట్టి కారణం లేదు. రోడ్డుకూ వంతెనకూ సంబంధించిన అనుమతి వాటిని కాపాడేవారి చేతిలోనే ఉండాలి. రవాణాదారు ఇచ్చే కొలత, రాష్ట్రం చూసే దారి, పైలట్ చూపే జాగ్రత్త మూడూ సరిగా ఉన్నప్పుడే పర్మిట్టు పని చేస్తుంది. తేలకుండా మిగిలింది పూచీ. దారిని పరిశీలించి ఇచ్చిన పర్మిట్టు తప్పని తేలితే ఆ నష్టంలో రాష్ట్రం ఎంత భరించాలన్న దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఒకరు దాన్ని చట్టంలో రాయమంటారు. మరొకరు కొలత తప్పిచ్చినవారికి శిక్ష ముందు రాయమంటారు.